సౌదె బండ్లూ రాక్షసిబొగ్గూ: కరెంటు రాకముందు కోలారు గనులు

కోలారు బంగారు గనుల గురించి ఎవరు రాసినా బంగారంతో మొదలుపెడతారు. మనం ఈసారి పొయ్యితో మొదలుపెడదాం. మా కుటుంబం పలమనేరు పక్కనుంచి ఈ సీమకు వచ్చింది బంగారం తవ్వడానికి కాదు, కట్టెలు తోలడానికి. ఇక్కడి మాటలో సౌదె. కన్నడం మాట అయినా మా ఇంట్లో నాలుగు తరాలుగా అదే వాడుక, 'వంటచెరకు' అంటే మా పిల్లలు చెరకు అనుకుంటారు.

1880లో లండన్‌లో మైసూరు గోల్డ్ మైనింగ్ కంపెనీ పుట్టింది. మొదటి నాలుగేళ్ళు డబ్బు పోయడమే తప్ప వచ్చింది లేదు. తరువాత జాన్ టేలర్ అండ్ సన్స్ ఆధ్వర్యంలో ఛాంపియన్ లోడ్ దొరికింది, ఊరిగాం, నందిదుర్గ, ఛాంపియన్ రీఫ్, బాలాఘాట్ కంపెనీలు వరసగా లేచాయి. గని లోతుకు పోయేకొద్దీ నీళ్ళు తోడాలి, రాయి పైకి లాగాలి, పైకి వచ్చిన రాయిని స్టాంపు మిల్లుల్లో రాత్రీ పగలూ పొడి చెయ్యాలి. ఇవన్నీ ఆవిరి యంత్రాల పని. ఆవిరికి బాయిలరు, బాయిలరుకు మంట. మైసూరు రాజ్యంలో బొగ్గు గని ఒక్కటీ లేదు, అసలు చిక్కు అక్కడే.

ఈ చిక్కు రైళ్ళకు ముందే వచ్చింది. 1856లో రాయపురం నుంచి మొదలైన మద్రాసు రైల్వేకు బొగ్గు ఓడల మీద రావాలి, ధర మండిపోయేది. అందుకని ఇంజన్లలో కట్టెలే కాల్చారు. ఆ ఏడే మద్రాసు అడవుల కన్సర్వేటరు అయిన క్లెగ్‌హార్న్ దొర రైలు పొయ్యికి అడవి ఎన్నాళ్ళు ఆగుతుందని గాబరాపడ్డాడు. నెల్లూరు, చెంగల్పట్టు తీరంలో సరుగుడు తోపులు అంతగా పెరగడానికి పెద్ద కారణం ఈ రైలు కట్టెలే. సముద్రపు గాలికి అడ్డమని నాటారనుకుంటాం గానీ, అది కథలో సగమే.

బొగ్గు మన తెలుగు నేలలోనే ఉందని తేలింది 1871లో. జియొలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర దాన్ని గుర్తించాడు. 1880ల చివర్లో నిజాం రైల్వే లైను అక్కడికి చేరాక సింగరేణి బొగ్గు దక్షిణాది రైళ్ళకూ మిల్లులకూ అందసాగింది. బౌరింగ్‌పేట, అంటే నేటి బంగారపేట, నుంచి గనుల్లోకి పది మైళ్ళ రైలు లైను 1894లో వచ్చింది. అంతవరకూ ఏ సరుకైనా చివరి పది మైళ్ళూ ఎద్దుబండే.

బొగ్గు దొరికినా కట్టె పోలేదు. బొగ్గు కొనాలంటే నగదు, రైలు కిరాయి. కట్టె పక్క అడవిలోదే, కూలి చవక. ఇంకో సంగతి మంట స్వభావం. మా అవ్వ హండె కింద పొయ్యి వేసేటప్పుడు, సౌదె చెప్పిన మాట వింటుంది, బొగ్గు మొండిది అనేది. లెక్క కూడా అదే చెబుతుంది. ఎండిన కట్టెలో ముప్పాతిక పాలు వేడికి గ్యాసుగా మారిపోయే పదార్థమే, మూడు వందల డిగ్రీల లోపే అంటుకుని పొడుగు మంట ఇస్తుంది. రాక్షసిబొగ్గు అంటుకోవడానికి ఇంకా వేడి కావాలి, అంటుకున్నాక మాత్రం నిదానంగా, నిలకడగా కణకణలాడుతుంది. అందుకే ముందు కట్టె పరిచి అంటించి, నిప్పు పట్టాక బొగ్గు చల్లడం. ఆవిరి ఒత్తిడి తగ్గిందంటే మళ్ళీ నాలుగు మొద్దులు లోపలికి. బాయిలరు పొయ్యిదైనా, స్నానాల హండెదైనా సూత్రం ఒకటే.

తూకం దగ్గరే కట్టె ఓడిపోతుంది. కిలో ఎండు కట్టె మూడున్నర వేల కిలో కేలరీలిస్తే మంచి బొగ్గు ఆరు వేలకు పైనే ఇస్తుంది. టన్ను బొగ్గు పని చెయ్యాలంటే దాదాపు రెండు టన్నుల కట్టె, పచ్చిదైతే ఇంకా ఎక్కువ, ఎందుకంటే లోపలి నీరు ఆవిరి కావడానికే కొంత వేడి ఖర్చు. పైగా కట్టెకు జాగా ఎక్కువ, పొయ్యి తలుపు మాటిమాటికీ తెరవాలి, తెరిచినప్పుడల్లా చల్లగాలి లోపలికి. ఆ తలుపు ముందర నిలబడ్డవాడి ఒళ్ళు ఏమయ్యేదో ఏ కంపెనీ పద్దులోనూ ఉండదు. బూడిదలో మాత్రం కట్టెదే గెలుపు. నూటికి ఒక పాలు మిగిలితే ఎక్కువ, మన దేశపు బొగ్గులో ముప్పై పాళ్ళు కూడా మిగలవచ్చు.

ఇంత కట్టె ఎక్కడినుంచి? కామసముద్రం, బూదికోట పక్క గుట్టలనుంచీ, మా పాత సీమ అడవులనుంచీ. సొరంగాలు కూలకుండా పెట్టే దుంగలు వీటికి అదనం. మా ముత్తాత మొదటి బండి ఒక్క పూటలో సౌదె నింపుకు వచ్చేదనీ, చివరి రోజుల్లో అదే బండికి రెండు రాత్రుళ్ళు పట్టేదనీ ఇంట్లో చెప్పుకుంటారు. అడవి ఎంత వెనక్కి జరిగిందో ఆ రెండు రాత్రుళ్ళే కొలత.

దివాను శేషాద్రి అయ్యర్ పట్టుదలతో శివనసముద్రం దగ్గర కావేరి నీటితో కరెంటు తీశారు. చూడటానికి ఆయన లేరు, 1901లోనే పోయారు. 1902 జూన్ 30న 92 మైళ్ళ తీగమీద ఆ కరెంటు కోలారు గనులకు చేరింది. అప్పటికి లోకంలోకెల్లా పొడవైన లైన్లలో అదొకటి. మొదటి ఒప్పందం 4,000 హార్స్‌పవర్‌కు. బెంగుళూరు వీధి దీపాలు ఇంకో మూడేళ్ళు ఆగాలి, ముందు గని, తరువాతే ఊరు.

పుస్తకాల్లో ఇది వెలుగు కథ. మా ఇంట్లో మాత్రం 'లైటు వచ్చిన ఏడు' అంటే ఎద్దులమ్మిన ఏడు. కాంట్రాక్టు పోయింది, మావాళ్ళు బంగారపేటలో చిల్లర కట్టెల డిపో పెట్టారు. అడవికి మాత్రం ఊపిరి అందింది. మనం రెండూ ఒప్పుకోవాలి.

కట్టే బొగ్గూ కలిపి కాల్చడం మళ్ళీ వచ్చింది. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ బొగ్గు కేంద్రాల్లో 5 శాతం జీవ ఇంధనం కలపాలంది. ఈసారి అడవి దుంగలు కావు, పంట కోశాక పొలంలో మిగిలిన గడ్డీ గాదంతో చేసిన గుళికలు. ఆ చెత్తకు బేరం దొరికితే రైతు పొలంలోనే తగలబెట్టడు అన్నది ఆశ. గుళికలు తడవకూడదట, తడిస్తే వేడి పడిపోతుందట. మా డిపోలో వానాకాలం కట్టెల మీద తాటాకు కప్పేది కూడా అందుకే.