పచ్చిరొట్ట రాయితీ - మన శివారు భూములు

ప్రభుత్వం రైతుకిచ్చే రాయితీలు రెండు రకాలు. ఒకటి ఈ ఏటి పంట కోసం, రెండవది నేల కోసం. మొదటిది అందరికీ తెలుసు. రెండవదానిని గురించి మాట్లాడేవారు తక్కువ. వ్యవసాయ శాఖలో గుమాస్తాగా ఆ రెండవ రకం పర్మిట్లు చాలా ఏళ్ళు రాసినవాణ్ణి కనుక, మన కృత్తివెన్ను ప్రాంతం గురించి నాలుగు మాటలు ఈ ప్రత్యేక సంచిక ద్వారా మనవి చేస్తున్నాను.

విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయింది. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. తూర్పు డెల్టా కాలువలకు కృత్తివెన్ను శివారు. మంచినీరు చివరగా చేరేది ఇక్కడికే, ఉప్పునీరు ముందుగా ఎక్కేదీ ఇక్కడికే. ఒక ప్రక్క సముద్రం, మరొక ప్రక్క కొల్లేటి నీటిని మోసుకొచ్చే ఉప్పుటేరు.

చౌడును మన పెద్దలు రెండుగా చెప్పేవారు. తెల్లగా పొర కట్టేది పాలచౌడు. మంచినీరు నిలగట్టి మురుగుకాలువలోకి వదలడమే దానికి వైద్యం. నల్లగా ఉండేది కారుచౌడు. దానికి జిప్సం వేయాలి. రెండింటినీ తట్టుకొని నేలకు బలమిచ్చే పైరు జీలుగ. ఎకరానికి 10-12 కిలోలు చల్లి, సుమారు 45 రోజులకు పూతదశలో కలియదున్నితే గాలిలోని నత్రజని నేలకు దక్కుతుంది. కోతకు ముందు వరిచేలో పిల్లిపెసర చల్లడమూ డెల్టాలో పాత అలవాటే. అది పశువుకు మేత, నేలకు ఎరువు.

ఆ అలవాటు సన్నగిల్లడానికి ఒక కారణం మరొక రాయితీయే. 1977లో కేంద్రం నత్రజని ఎరువుల కర్మాగారాలకు ఉత్పత్తి ఖర్చును బట్టి ధర కట్టి, తేడాను తానే భరించే పద్ధతి తెచ్చింది. యూరియా చౌకగా దొరికింది, పచ్చిరొట్ట వెనుకబడింది. అదే ఏడాది నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన చేలలో ఉప్పు మిగిల్చి పోయింది. ఉప్పు తిన్న నేలను యూరియా బస్తా బాగుచేయలేదు. ఇలా ఒక చేత్తో యూరియాకు ఇచ్చిన ప్రభుత్వమే, మరొక చేత్తో జీలుగ, జనుము, పిల్లిపెసర విత్తనాలను 50 శాతం రాయితీపై ఇస్తూ వచ్చింది.

ఈ రాయితీకి ప్రాణం అదను. తొలకరికి విత్తనం చేతిలో ఉండాలి. నేను పనిచేసిన రోజుల్లో ఒక ఏడాది ఆకుమడులు పోశాక బస్తాలు దిగాయి. రికార్డులో లక్ష్యం నెరవేరింది, నేలకు మాత్రం ఏమీ దక్కలేదు. 1990ల నుంచి రొయ్యల చెరువులు పెరిగాయి. చెరువు పక్క చేనుకు ఉప్పు ఊరుతుంటే విత్తన రాయితీ ఎంత ఆదుకోగలదు?

అమెరికాలో 1985 చట్టం ప్రకారం, కోతకు గురయ్యే భూమిని 10-15 ఏళ్ళు సాగు మాని గడ్డికో చెట్లకో వదిలితే ప్రభుత్వమే ఏటా అద్దె చెల్లిస్తుంది. ఎకరం, రెండెకరాల మన రైతుకు భూమిని అన్నేళ్ళు వదిలే స్తోమత లేదు. నాట్లకు ముందు దొరికే ఆ 45 రోజులే మన నేలకు విశ్రాంతి.

ఇక అసలు చిక్కు. పాసు పుస్తకం యజమానిది, నాగలి కౌలుదారుది. వచ్చే ఏడు ఈ చేను తనకుంటుందో లేదో తెలియనివాడు నేలకు ఎందుకు ఖర్చు పెడతాడు? 2011 చట్టం కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇచ్చింది. 2019 చట్టం సాగుదారు హక్కు పత్రం తెచ్చి, దానికి యజమాని అంగీకారాన్ని షరతు చేసింది. భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు సంతకానికి వెనుకాడారు. పదకొండు నెలల ఆ ఒప్పందం వల్ల యాజమాన్య హక్కు మారదని ఆ చట్టమే చెబుతోంది.

మన సంఘ సభ్యులలో ఊళ్ళో చేను కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్నవారు తక్కువేమీ కాదు. ఆఫీసు కాగితం విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. తొలకరికి ముందే కౌలుదారుకు సంతకం చేసివ్వండి, రెండు మూడేళ్ళు అతణ్ణి మార్చకండి, జీలుగ చల్లమని చెప్పండి. బాగుపడేది మన నేలే.