నరకమని వారు, త్రిమూర్తుల స్నానమని మనము

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము ములుగు అడవులలో పుట్టిన 5.3 తీవ్రత గల భూకంపము ఓరుగల్లు వంటిండ్లలోని గిన్నెలను సైతము గలగలలాడించినప్పుడు, మా వీధి పెద్దమనిషి యొకరు గోదావరి కడనున్న వేడినీటి గుండములను తలచుకొని, ఆ దిక్కున అగ్నిపర్వతమేదో మేల్కాంచుచున్నదని తేల్చివేసిరి. ఆయన భయము నిరాధారమే. కాని గుండములకును కంపమునకును చుట్టరికము కలదన్న ఊహ మాత్రము త్రోసిపుచ్చదగినది కాదు.

నిజమైన అగ్నిపర్వతపు ఉడుకునీరు చూడవలెనన్న జపాను పోవలెను. క్యూషూ ద్వీపమందలి బెప్పులో, త్సురుమి పర్వతపాదమున, పొగలుగ్రక్కు మడుగులను ‘జిగోకు’లందురు, అనగా నరకములు. నీలముగా మెరయునది సముద్రనరకము, ఎర్రమన్నుతో ఉడుకునది రక్తసరోవరనరకము. ఆ నరకపుటావిరిమీదనే గ్రుడ్లును కూరలును ఉడికించుకొని ఆరగింతురు. 

మన గుండాల గ్రామమున నరకప్రసక్తి లేదు. భద్రాచలమునకు సుమారు 5 కిలోమీటర్ల దూరముననున్న ఆ యూర, గోదావరి యొడ్డున ఇసుకలో చలమ తీసినచో వెచ్చని నీరూరును. చలికాలమున త్రిమూర్తులు అచట స్నానమాడుదురని నమ్మిక. 2014లో హద్దు మారి గుండాల ఆంధ్రప్రదేశ్‌కు పోయినది, భద్రాచలము తెలంగాణమున నిలిచినది.

ఈ వేడికి కారణము అగ్నిపర్వతము కాదు, పగులు. సుమారు 30 కోట్ల ఏండ్ల క్రిందట భూమి చీలి క్రుంగి ఏర్పడిన ఈ గోదావరి లోయలో ఇసుకయు బురదయు వృక్షములును పేరుకొని, కాలక్రమమున మన సింగరేణి బొగ్గైనవి. ఆ పగుళ్లవెంట దిగిన వాననీరు, కిలోమీటరు లోతునకు ఇంచుమించు 25, 30 డిగ్రీల చొప్పున పెరుగు భూతాపమును గ్రహించి మరల పైకి వచ్చును. పాత పగుళ్లు ఒక్కొక్కప్పుడు కదలుటయు కలదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలమును కుదిపిన కంపము పెద్దలకు జ్ఞప్తి యుండును.

మణుగూరు చేరువనున్న పగిడేరు, 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడువరకు, మన వరంగల్లు జిల్లాలోనిదే. అచట మోటారు లేకయే బోరునుండి ఎగయు వేడినీటితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్కేంద్రమును నెలకొల్పినది. నీరు ఆవిరియగునంత వేడిది కాదు గనుక, దాని ఉష్ణమును తక్కువ వేడిమికే మరుగు వేరొక ద్రవమున కందించి, ఆ బాష్పముచే చక్రము త్రిప్పుదురు. బొగ్గు త్రవ్వు సంస్థయే బొగ్గు లేని విద్యుత్తును వెదకుట నాకు నచ్చినది. 20 కిలోవాట్లేనా యని నవ్వరాదు. 1925లో బెప్పులో జపానువారి తొలి ప్రయోగము ఇచ్చినది ఒక కిలోవాటుకు కొంచెమే ఎక్కువ.

గుండాలలో మాత్రము యంత్రము లేదు. వానకాలపు వరద చలమలను పూడ్చివేయును. చలి మొదలైనంతనే ఎవరో యొకరు చేతులతో ఇసుక తోడుదురు.