గుర్రానికీ ఎండ తగులుతుంది



వేసవి సెలవులు వచ్చాయంటే మన ఇళ్ళల్లో ప్రయాణాల మాటే కదండీ. ఆవకాయ జాడీలకు వాసెన కట్టామో లేదో, విశాఖపట్నం ఎప్పుడు వెళదామని పిల్లలు ప్రాణం తీస్తారు. సముద్రపు ఒడ్డున గుర్రం కనిపిస్తే ఎక్కేదాకా ఊరుకోరు. కుచ్చులు కట్టి, మెడలో గంటలు వేసి నిలబెట్టిన ఆ గుర్రాన్ని చూస్తే మనకూ ముచ్చటేస్తుంది. కాని ఆ ఎండలో, ఆ కాలే ఇసుకలో అది పొద్దుటినుంచీ ఎన్ని నీళ్ళు తాగిందో మనం అడగం. ఇవాళ ఆ సంగతి చెప్పుకుందాం.

మా తుని వాళ్ళకు గుర్రమంటే జట్కా గుర్రమే. రైలు వచ్చిన దగ్గరనుంచి స్టేషను బయట జట్కాలు బారులు తీరి ఉండేవి. 1891లో అన్నవరంలో సత్యనారాయణ స్వామి వెలిశాక ఈ చుట్టుపక్కల యాత్రికుల రాకపోకలు పెరిగాయి. బండిలో గడ్డి పరచి, పైన గోనెపట్టా వేసేవారు. “కాస్త ముందుకు జరగండమ్మా” అని బండివాడు పోరుపెట్టేవాడు. అందరూ వెనక్కు కూర్చుంటే బండి వెనక్కు వాలి కాడి పైకి లేస్తుంది. అందరూ ముందుకు వస్తే ఆ బరువంతా గుర్రం మీదే పడుతుంది. ఆటోలు వచ్చాక ఆ బండ్లు తగ్గిపోయాయి.

నా చిన్నతనంలో ఒక మే నెల మిట్టమధ్యాహ్నం పిల్లా పెద్దా ఏడుగురం, రెండు ట్రంకు పెట్టెలు, ఒక మామిడిపళ్ళ బుట్టతో జట్కా ఎక్కాం. తాండవ వంతెన దగ్గర గుర్రం ముందుకాళ్ళు మడిచి కూలబడింది. బండివాడు చెర్నాకోల ఎత్తాడు. మా అమ్మమ్మ “ఉండు సాయిబూ, దానికి నోరుంటే చెప్పుకోదూ!” అని అందర్నీ దింపేసింది. దగ్గర ఇంట్లోంచి బొక్కెనతో నీళ్ళు తెప్పించి పెట్టించింది. అది తలెత్తకుండా రెండు బొక్కెనలూ తాగేసింది. అప్పుడా సాయిబు తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ, “పొద్దుటినుంచి బేరం లేదమ్మగారూ. ఏడుగురు వద్దంటే రాత్రికి దీనికి ఉలవలు ఎక్కణ్ణించి తేను?” అన్నాడు. ఆ మాట ఈనాటికీ నా చెవుల్లో ఉంది. తప్పు ఎవరిది? అతనిదా, ఏడుగురం ఎక్కిన మాదా?

అసలు మేలుజాతి గుర్రాలు మన ఎండకు, మన మేతకు ఇక్కడ పుట్టి పెరిగినవి కావు. అరబ్బు దేశాలనుంచి ఓడల మీద వచ్చేవి. పదమూడో శతాబ్దం చివర దక్షిణదేశం చూసిపోయిన మార్కో పోలో మన మోటుపల్లి రాజ్యాన్ని గురించీ, దాన్ని ఏలిన రాణిని గురించీ గౌరవంగా రాశాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు చెబుతారు. ఆయనే పాండ్యదేశం సంగతి రాస్తూ, అక్కడి రాజు ఏటా రెండువేలకు పైగా గుర్రాలు కొంటాడనీ, ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవనీ అన్నాడు. కారణం, వాటిని సాకడం తెలియకపోవడమట. గుర్రాలు అమ్మే వర్తకులు, గుర్రపు వైద్యం తెలిసినవాళ్ళను ఇటు రానివ్వరని కూడా రాశాడు. గుర్రాలు చస్తేనే కదా మళ్ళీ బేరం! ఇందులో అతిశయోక్తి ఎంతున్నా, తెలియనితనం ఎంత ప్రాణం తీస్తుందో అర్థమవుతుంది.

ఆ తెలియనితనం మనకు ఉండకూడదు. గుర్రానికి మనలాగే ఒళ్ళంతా చెమట పోస్తుంది. ఆ చెమటతో నీళ్ళే కాదు, ఉప్పు కూడా బాగా పోతుంది. ఊరికే నిలబడ్డ గుర్రానికే రోజుకు 25 నుంచి 40 లీటర్ల నీళ్ళు కావాలి. ఎండలో పనిచేస్తే దానికి రెట్టింపు కావచ్చు. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు. అందుకే ఒకేసారి పొట్ట నిండా దాణా పెట్టినా, నీళ్ళు చాలకపోయినా, కడుపునొప్పితో పొర్లి పొర్లి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. గిట్టలు మన గోళ్ళలాగే నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కి లాడాలు మార్చాలి.

ఈ విషయంలో ఇద్దరు స్త్రీలను తలుచుకోవాలి. మొదటి ఆవిడ డొరొతీ బ్రూక్ అనే ఇంగ్లీషు ఇల్లాలు. భర్త సైన్యంలో ఉద్యోగి. 1930లో ఆయనతో కైరో వెళ్ళింది. పిరమిడ్లు చూడడానికి లోకమంతా వెళ్ళే దేశమది. ఆవిడ చూసింది మాత్రం వీధుల్లో బండ్లు లాగుతున్న ముసలి గుర్రాలను. 1914-18 యుద్ధంలో పనిచేసి, యుద్ధం అయిపోగానే అక్కడే అమ్ముడుపోయినవి అవి. ఆవిడ 1931లో లండన్ పత్రికకు ఉత్తరం రాసింది. జనం డబ్బు పంపారు. మూడేళ్ళలో సుమారు అయిదువేల గుర్రాలను కొని వాటి బాధ తీర్చింది. 1934లో కైరోలో గుర్రాల ఆసుపత్రి పెట్టింది. బండివాళ్ళను ఆవిడ తిట్టలేదు. పేదవాడికి ఉచితంగా వైద్యం అందితే పశువును వాడే చూసుకుంటాడని నమ్మింది.

రెండో ఆవిడ మన రుక్మిణీదేవి అరండేల్. నాట్యానికి కళాక్షేత్రం పెట్టిన ఆవిడే. 1952లో రాజ్యసభకు వెళ్ళి, మూగజీవాల కోసం తానే బిల్లు తెచ్చింది. నెహ్రూగారు ప్రభుత్వమే చేస్తుందని మాట ఇచ్చారు. 1960లో చట్టం వచ్చింది. 1962లో ఏర్పడ్డ జంతు సంక్షేమ బోర్డుకు ఆవిడే మొదటి అధ్యక్షురాలు.

ఆ చట్టం కింద 1965లో వచ్చిన నియమాలు మనం గుర్తు పెట్టుకోదగ్గవి. బండి లాగే, బరువు మోసే పశువును రోజు మొత్తం మీద తొమ్మిది గంటలకు మించి వాడకూడదు. విశ్రాంతి లేకుండా వరసగా అయిదు గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించకూడదు. బండిలో తోలేవాడూ, ఆరేళ్ళలోపు పిల్లలూ కాక నలుగురే ఎక్కాలి. అంటే మేం ఏడుగురం ఎక్కడం ఎంత పొరపాటో చూశారా! అయితే చట్టంలో మొదటి తప్పుకు రాసిన జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకానే. ఆ జరిమానాకు జడిసేదెవరు? కాబట్టి గుర్రాన్ని కాపాడే అధికారం నిజానికి డబ్బిచ్చి ఎక్కేవాళ్ళ చేతిలో, అంటే మన చేతిలో ఉంది.

ఏం చేయాలి? పిల్లల్ని ఎక్కించాలనుకుంటే పొద్దున్నే గాని, చల్లబడ్డాక గాని వెళ్ళండి. ముందు గుర్రాన్ని ఒక్కసారి చూడండి. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయా? జీను కింద పుండుందా? కుంటుతోందా? దగ్గర్లో నీళ్ళ బకెట్టూ, నీడా ఉన్నాయా? లేకపోతే ఎక్కనివ్వకండి. ఎందుకో పిల్లలకు చెప్పండి. ఇద్దరు పిల్లల్ని ఒకే గుర్రం మీద కూర్చోబెట్టకండి. పెద్దవాళ్ళం మనం అసలే వద్దు.

బాగా సాకే మనిషి కనిపిస్తే బేరమాడకుండా రెండు రూపాయలు ఎక్కువే ఇవ్వండి. ఆ సాయిబు అడిగిన ఉలవల ప్రశ్నకు అదొక్కటే జవాబు. వాడి కడుపూ, గుర్రం కడుపూ ఒకే సంపాదన మీద నడుస్తాయి. ఒకదాన్ని మాడ్చి రెండోదాన్ని నింపలేం.

రోహిణీకార్తెలో వాకిట్లోకొచ్చిన మనిషికి మజ్జిగిచ్చే ఇళ్ళు మనవి. నోరులేని జీవానికి ఒక బకెట్టు నీళ్ళు మనకు బరువు కాదు.