మిగిలిన పని ఎవరిది? - ప్రోగ్రామింగ్ శ్రమపై ఒక చారిత్రక పరిశీలన

యంత్రం వచ్చింది కనుక ఇక మనిషితో పనిలేదన్న మాట చరిత్రలో చాలాసార్లు విన్నదే. 2025 ఫిబ్రవరిలో అది మరోసారి వినబడింది. ఆండ్రెజ్ కార్పతీ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు ఒక కొత్త పద్ధతికి 'వైబ్ కోడింగ్' అని పేరు పెట్టాడు. కావలసిందేమిటో మామూలు మాటల్లో చెబితే కృత్రిమ మేధ ప్రోగ్రాము రాసిపెడుతుంది, ఆ రాసిందాన్ని మనం చదవనక్కరలేదు. వారాంతపు సరదా పనులకు ఇది ఫర్వాలేదని కూడా ఆయనే అన్నాడు. ఆ షరతును మార్కెట్టు వదిలేసింది, పేరును మాత్రం పట్టుకుంది. ఆ ఏడాదే కాలిన్స్ నిఘంటువు దాన్ని సంవత్సరపు పదంగా ప్రకటించింది.

ఈ పద్ధతిలో యాప్ మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది ఒకచోట ఆగిపోతున్నారు. తెర మీద అంతా ఉంటుంది గాని వాడకానికి పెడితే నిలబడదు. అప్పుడు బయటి డెవలపర్ కోసం వెతుకులాట మొదలవుతుంది. అనవసరమని చెప్పిన మనిషినే వెనక గుమ్మం నుంచి పిలుస్తున్నారన్నమాట. ఆ వచ్చిన మనిషి శ్రమను ఏ లెక్కలో రాస్తున్నారన్నదే మన ప్రశ్న. దీనికి జవాబు చరిత్రలో వెతకాలి.

1946లో అమెరికాలో ఎనియాక్ యంత్రాన్ని లోకానికి చూపించారు. ఆనాటి ప్రదర్శనకు లెక్కను యంత్రానికి ఎక్కించిన పని స్త్రీలది. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బైలస్, రూత్ లిక్టర్‌మన్ అనే ఆరుగురు ఆ యంత్రపు తొలి ప్రోగ్రామర్లు. ఆ రాత్రి విందుకు మాత్రం వాళ్ళకు పిలుపు రాలేదు. యంత్రాన్ని కట్టడం మేధ, దాన్ని నడిపించడం గుమాస్తా పని అన్న విభజన తొలినాడే జరిగిపోయింది. తర్వాతి చరిత్ర అంతా ఈ విభజన మీదనే నడిచింది.

1954లో ఐబీఎం సంస్థలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్ట్రాన్ భాషకు తొలి ప్రణాళిక రాస్తూ, ఇక కోడు రాయడమూ తప్పులు వెతకడమూ దాదాపు ఉండవని ఆశపడింది. 1959లో మొదలై 1960లో రూపుకట్టిన కోబాల్, ఇంగ్లీషు వాక్యాల వంటి భాషతో, ఆఫీసు అధికారులు కూడా ప్రోగ్రామును చదువుకోగలరన్న ఆశను కల్పించింది. 1980ల ఆరంభంలో జేమ్స్ మార్టిన్ ప్రోగ్రామర్లు లేకుండానే అప్లికేషన్లు తయారు చేయవచ్చని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఈ సాధనాలు వట్టి మోసాలు కావు. ప్రతి ఒక్కటీ పనిని నిజంగానే సులభం చేసింది. అయినా ప్రోగ్రామర్ల సంఖ్య తగ్గలేదు, పెరిగింది. కారణమేమిటి?

దీనికి జవాబులు 1980లలోనే వచ్చాయి. బెల్ ల్యాబ్స్ ఉద్యోగి టామ్ కార్గిల్ ఒక చమత్కారం చెప్పాడు: కోడులో మొదటి 90 శాతానికి 90 శాతం కాలం పడుతుంది, మిగిలిన 10 శాతానికి మరో 90 శాతం కాలం పడుతుంది. 1985లో జాన్ బెంట్లీ దీన్ని అచ్చులోకి తెచ్చాడు. ఇల్లు కట్టి చూడమన్న మన సామెతకు అర్థం ఇదే. గోడలు లేవగానే ఇల్లయిపోయిందని చూసేవాళ్ళంటారు. గడపలు, మురుగు కాలువ, కురవని కప్పు ఎంత పని అన్నది కట్టినవాడికి తెలుసు. అదే 1985లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పీటర్ నౌర్ ఇంకా లోతుకు వెళ్ళాడు. ప్రోగ్రామంటే కోడు కాదు, ఇది ఎందుకిలా ఉండాలన్న అవగాహన అన్నాడు. అది చేసినవాళ్ళ బుర్రల్లో ఉంటుంది. వాళ్ళు చెదిరిపోతే కోడు మిగిలినా ప్రోగ్రాము చచ్చినట్టేనని ఆయన వాదం.

ఈ చరిత్రలో తెలుగువాళ్ళ అధ్యాయం ఒకటుంది. సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన పాత కోబాల్ ప్రోగ్రాములు 2000 సంవత్సరానికి తప్పు లెక్కలు చెబుతాయన్న భయంతో, 1990ల చివర వాటిని చదివి సరిచేసే మనుషులు కావలసివచ్చారు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో మన పిల్లలు కోబాల్ నేర్చుకున్నారు. అమెరికా 1998లో హెచ్-1బి వీసాల వార్షిక పరిమితిని 65,000 నుంచి 1,15,000కు, 2000లో 1,95,000కు పెంచింది. కొత్తవి కట్టే పని ఒకరిదైతే, ఎవరో రాసి వదిలేసిన లక్షల పంక్తులు చదివే పని మనవాళ్ళకు దక్కింది. 2000 జనవరి 1న పెద్ద ప్రమాదమేదీ జరగలేదు. అంతలోనే అదంతా ఉత్త భయమేనన్నారు! సరిచేసే శ్రమకున్న శాపం ఇదే. అది ఫలిస్తే ఏమీ జరగదు, ఏమీ జరగలేదు కనుక ఎవరూ ఏమీ చేయలేదంటారు.

నేటి స్థితికి వద్దాం. మిగిలిన 10 శాతంలో ఏముంటుంది? ఒకరి వివరాలు మరొకరికి కనబడకుండా చూడాలి. రహస్య కీలు, పాస్‌వర్డులు కోడులో బయటపడి ఉంటే దాచాలి. డబ్బు చెల్లింపు మధ్యలో తెగిపోతే రెండుసార్లు కోత పడకుండా చూడాలి. ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే ఏమవుతుందో ఆలోచించాలి. నకళ్ళు భద్రపరచాలి. ఇవేవీ తెర మీద కనబడవు. ఇవి లేకపోతే ఏమవుతుందో 2025 జూలైలో చూశాం. ఏ మార్పూ చేయవద్దని చెప్పినా రెప్లిట్ సంస్థ ఏఐ, జేసన్ లెమ్కిన్ అనే వ్యాపారవేత్త యాప్‌లోని డేటాబేసును తుడిచిపెట్టింది. డేటా తర్వాత తిరిగి దొరికింది. సంస్థ అధిపతి అంజద్ మసాద్ క్షమాపణ చెప్పుకున్నాడు.

ఇక్కడ పాత స్థితికీ కొత్త స్థితికీ గుణాత్మకమైన తేడా ఉంది. తాళపత్రాలు పరిష్కరించినవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. ఏది లేఖకుని పొరపాటు, ఏది కవి ప్రయోగం అని తేల్చడం కొత్త పద్యం రాయడం కంటే కష్టం. అయినా పరిష్కర్తకు ఒక ధైర్యముంది. ఆ తప్పుల వెనక ఎక్కడో ఒక కవి ఉన్నాడు, ఆయన మనసులో ఒక అర్థముంది. 1990ల కోబాల్ వెనకా ఎవరో ఒక మనిషి ఉన్నాడు. నేటి యాప్ వెనక అటువంటివాడు లేడు. యజమాని చదవలేదు, యంత్రానికి బాధ్యత లేదు. నౌర్ చెప్పిన అవగాహన ఎవరి బుర్రలోనూ ఎన్నడూ లేదు. బయటి డెవలపర్ ముందుగా దాన్ని పుట్టించాలి. అది సగం మిగిలిన పని కాదు, అసలు పని.

కాని బేరం ఎలా జరుగుతున్నది? 90 శాతం అయిపోయింది కాబట్టి 10 శాతం కూలి ఇస్తామంటారు. చదవడానికి పట్టిన రోజులు లెక్కలోకి రావు. తెరవెనక శ్రమను గుమాస్తా పనిగా చూసిన 1946 నాటి చూపే ఇది.

అయితే మనం యాప్ కట్టుకున్న చిన్న మనిషిని దోషిగా నిలబెట్టరాదు. చిన్న దుకాణదారు, పల్లెటూరి బడి పంతులు, ఆస్పత్రి నర్సు తమకు కావలసిన పనిముట్టు తామే తయారు చేసుకోగలగడం నిస్సందేహంగా ముందడుగు. తన పని తనకే బాగా తెలుసు. ఆ జ్ఞానాన్ని ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. దోషం అంతా అయిపోయిందని అమ్మే ప్రచారంలో ఉంది. ఆ ప్రచారం యజమాని చేత బయటి డెవలపర్‌కు తక్కువ ఇప్పిస్తుంది, యజమానికి కూడా చెప్పకుండా నష్టం మిగులుస్తుంది.

కనుక ఇద్దరి ప్రయోజనమూ ఒకటే. ముందు చదివి చూడడానికే విడిగా కూలి కట్టాలి. చదివాక పారేసి మళ్ళీ రాయడమే మేలని డెవలపర్ చెబితే అది వినదగిన మాటగా తీసుకోవాలి. కోడు, డేటాబేసు, కీలు యజమాని పేరిటే ఉండాలి. ఏది ఎందుకు మార్చారో యజమానికి అర్థమయ్యే తెలుగులో రాసి ఇవ్వాలి. ఆ కాగితం మీద రాసినవాళ్ళ పేరు ఉండాలి. ఎనియాక్ ముందు నిలబడ్డ ఆ ఆరుగురి పేర్లు లోకానికి తెలియడానికి దాదాపు 40 ఏళ్ళు పట్టింది. ఈసారి అంత కాలం పట్టకూడదు.