సుద్దగీతకు కాపలా

1937 మే 25న లండన్ ‘టైమ్స్’ పత్రికలో చిన్న ప్రకటన ఒకటి వచ్చింది. దెయ్యాల కొంపగా పేరుపడ్డ ఒక ఇంటిని ఏడాది పాటు రాత్రింబవళ్లు కనిపెట్టి ఉండటానికి మనుషులు కావాలి. తీరిక, తెలివి, గుండె ధైర్యం ఉన్నవారు రావచ్చు. ముందే ఒక నిర్ణయానికి వచ్చేసినవారు అక్కర్లేదు. ఊరు మారుమూల కాబట్టి సొంత కారు ఉండి తీరాలి. జీతం ఊసు మాత్రం లేదు. అయినా రెండు వందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. ప్రకటన ఇచ్చిన హ్యారీ ప్రైస్ చివరికి 48 మందిని పరిశీలకులుగా పెట్టుకున్నాడు.

ఆ ఇల్లు ఎసెక్స్‌లోని బోర్లీ గ్రామంలో ఉండేది. 1860లలో అక్కడి చర్చి ఫాదిరీ కుటుంబం కోసం కట్టిన ఎర్ర ఇటుకల మేడ అది. తోటలో సన్యాసిని నీడ తిరుగుతుందనీ, ఇంట్లో గంటలు వాటంతటవే మోగుతాయనీ చెప్పుకునేవారు. ప్రైస్ దాన్ని ఏడాదికి 30 పౌండ్ల అద్దెకు తీసుకుని, పరిశీలకుల చేతికి నియమాలతో నీలి అట్ట పుస్తకం ఒకటి ఇచ్చాడు. వాళ్లు ఖాళీ గదుల్లో వస్తువుల చుట్టూ సుద్దతో గీత గీసేవారు. గోడ మీద ఏ చిన్న పెన్సిలు గుర్తు కనబడినా దాని చుట్టూ గిరి గీసి తేదీ వేసేవారు. కొన్ని గంటల తర్వాత దీపం పట్టుకుని మళ్లీ వచ్చి, వస్తువు గీత దాటిందా, కొత్త గుర్తు పుట్టిందా అని చూసుకునేవారు. సిడ్నీ గ్లాన్‌విల్ అనే ఇంజనీరు ఆ మేడ మొత్తం కొలిచి ప్లాన్లు గీశాడు. చాలా రాత్రులు ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదన్న సంగతి కూడా వేళతో సహా రాసి పెట్టారు.

సొంత పెట్రోలు పోసుకుని, నిద్ర మానుకుని ఈ పనికి ఎందుకు వచ్చారు? భయం మీద సరదా అనుకుంటే కథ సగమే తెలుస్తుంది. మిగతా సగానికి మరో 55 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1882లో లండన్‌లో ‘సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్’ పుట్టింది. తొలి అధ్యక్షుడు హెన్రీ సిడ్జ్‌విక్ కేంబ్రిడ్జి తత్వవేత్త. చర్చి సిద్ధాంతాలకు మనస్ఫూర్తిగా సంతకం పెట్టలేనని 1869లోనే ట్రినిటీ కాలేజీ ఫెలోషిప్ వదులుకున్నవాడు. సహ స్థాపకుడు ఫ్రెడరిక్ మైయర్స్ ప్రేమించిన స్త్రీ 1876లో సరస్సులో పడి ప్రాణం తీసుకుంది. మరో ముఖ్యుడు ఎడ్మండ్ గర్నీ ముగ్గురు చెల్లెళ్లు అంతకు ముందటి ఏడాదే నైలు నదిలో మునిగిపోయారు. డార్విన్ తర్వాతి తరం అది. బైబిలు మాట మునుపటిలా ఊరటనివ్వడం లేదు, అలాగని పోయినవాళ్లు పూర్తిగా పోయారని మనసు ఒప్పుకోవడం లేదు. మిగిలింది పరీక్ష ఒక్కటే. సాక్ష్యాలు సేకరించి, తూకం వేసి, చివరికి ఏది తేలితే దాన్ని ఒప్పుకోవాలనుకున్నారు.

1889లో మొదలైన వారి ‘భ్రాంతుల జనగణన’ ఈ ధోరణికి మంచి ఉదాహరణ. పూర్తి మెలకువలో ఉండగా, బయటి కారణమేదీ లేకుండా, ఒక మనిషిని చూసినట్టో, స్పర్శ తగిలినట్టో, గొంతు విన్నట్టో మీకెప్పుడైనా స్పష్టంగా అనిపించిందా? సుమారు 400 మంది స్వచ్ఛంద సేకర్తలు ఈ ప్రశ్న పట్టుకుని తిరిగి, 17,000 మంది జవాబులు తెచ్చారు. ఇంచుమించు పదిమందిలో ఒకరు అవునన్నారు. సేకర్తల్లో ఎక్కువమంది శాస్త్రవేత్తలు కారు. ప్రయోగశాల గడప తొక్కనివాళ్లకు కూడా శాస్త్రంలో ఒక చిన్న వాటా దక్కిన సందర్భమది.

పరీక్ష అంటే ఏమిటో మద్రాసు అడయారుకూ తెలిసివచ్చింది. అక్కడి దివ్యజ్ఞాన సమాజ స్థాపకుల్లో ఒకరైన మేడమ్ బ్లావట్‌స్కీకి ‘మహాత్ములు’ అనే అదృశ్య గురువుల ఉత్తరాలు మహిమతో అందుతున్నాయన్న వార్తపై విచారణకు సొసైటీ తరఫున రిచర్డ్ హాడ్జ్‌సన్ 1884 డిసెంబరులో అక్కడికి వచ్చాడు. అదంతా మోసమని 1885 నివేదికలో తేల్చాడు. దాదాపు నూరేళ్ల తర్వాత, 1986లో, ఆ నివేదికలోని చేతిరాత వాదనలను వెర్నన్ హారిసన్ ఆ సొసైటీ పత్రికలోనే తప్పుపట్టాడు. ఆశ్చర్యమేమిటంటే, అడయారులో అంత కఠినంగా ఉన్న హాడ్జ్‌సన్ తర్వాత బోస్టన్‌లో లియొనోరా పైపర్ అనే మీడియం ముందు ఏళ్ల తరబడి కూర్చుని, పోయినవారు ఆమె ద్వారా మాట్లాడుతున్నారని నమ్మాడు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆప్తుల్ని పోగొట్టుకున్న దుఃఖాన్ని ఇంటింటికీ పంచింది. భౌతిక శాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్ కొడుకు రేమండ్ 1915లో యుద్ధంలో చనిపోయాడు. మీడియంల ద్వారా కొడుకు పలికాడంటూ తండ్రి మరుసటి ఏడాదే పుస్తకం వేశాడు. లాడ్జ్‌కు ఈ ఆసక్తి అంతకు ముందే ఉంది. కొడుకు చావు దాన్ని సొంత అవసరంగా మార్చింది.

ప్రైస్ వేరే తరహా మనిషి. కాగితం కంపెనీ సేల్స్‌మన్, విశ్వవిద్యాలయ పట్టా లేదు, ఇంద్రజాలం తెలుసు. 1926లో సొంతంగా పరిశోధనశాల పెట్టుకున్నాడు. 1935లో కశ్మీరుకు చెందిన ఖుదా బక్ష్ చేత సర్రేలో నిప్పుల మీద నడిపించి, ఆ నిప్పుల వేడి కొలిపించాడు. జాతరల్లో నిప్పులగుండం తొక్కడం చూసిన మనకు ఆ నడక వింత కాదు, పక్కన థర్మామీటరు పెట్టడమే వింత. మరుసటి ఏడాది దెయ్యాల ఇంటి నుంచి బీబీసీలో ప్రత్యక్ష ప్రసారం చేశాడు. ఈ వెతుకులాటను పండితుల గది నుంచి బయటికి తెచ్చి, సుద్దముక్క, దారం, కెమెరా ఉన్న ఎవరైనా చేయగల పనిగా మార్చింది అతనే. బోర్లీ మేడ 1939లో కాలిపోయింది. 1956లో సైకికల్ రీసెర్చ్ సొసైటీ సభ్యులు ముగ్గురు పాత కాగితాలన్నీ తిరగేసి, ప్రైస్ నిజాయితీనే శంకించారు.

మళ్లీ దుఃఖం దగ్గరికే వస్తాం. యంత్రాలు రూపొందించే మారిస్ గ్రోస్ కూతురు 1976లో మోటారు సైకిలు ప్రమాదంలో పోయింది. ఆయన సొసైటీలో చేరాడు. 1977లో లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో ఒక ఇంట్లో సామాన్లు కదులుతున్నాయంటే టేపు రికార్డరు తీసుకుని వెళ్లి, ఏడాదికి పైగా ఆ ఇంటికి తిరిగాడు. ఆ ఇంటి పిల్లలు కొన్ని అల్లరి మోసాలు చేశామని ఒప్పుకున్నా, అంతా మోసమేనని ఆయన అంగీకరించలేదు. దుఃఖం ఆయన్ను ఆ గుమ్మం దాకా తెచ్చింది. రోజూ చేయడానికి ఒక పని ఉండటం అక్కడ నిలబెట్టింది.

2004లో అమెరికా టీవీలో ‘ఘోస్ట్ హంటర్స్’ మొదలైంది. అందులో దెయ్యాలను వెతికే బృందం నాయకులిద్దరూ ప్లంబర్లు. కరెంటు తీగల చుట్టూ ఉండే క్షేత్రాన్ని కొలిచే మీటర్లే వారి చేతుల్లో దెయ్యాల పరికరాలయ్యాయి. వాటితో దెయ్యం ఉందని ఇంతవరకూ రుజువు కాలేదు. కానీ ఇంటివాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. రాత్రి మెట్ల మీద అడుగుల చప్పుడు విన్నానని చెప్పిన మనిషిని పొరుగువాళ్లు నవ్వి వదిలేస్తారు. దెయ్యాలను వెతికే ఔత్సాహికుడు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. ఎన్ని గంటలకు, ఏ మెట్టు మీద, ఎన్ని అడుగులు అని అడిగి పుస్తకంలో రాసుకుంటాడు. బోర్లీలో గోడ మీది పెన్సిలు గుర్తుకు తేదీ వేసినట్టే, ఆ మాటకూ తేదీ వేస్తాడు.