మాదాకవళం నుంచి పింఛను దాకా



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు కోరారు. నెల మొదట్లో బ్యాంకుకు వెళ్ళి పింఛను తీసుకుని మెట్లు దిగేసరికి మన ముందుకు ఒక చేయి చాపి ఉంటుంది. వెయ్యాలా, వద్దా? ఈ చిన్న సందేహం వెనుక మన ప్రాంతంలో పెద్ద చరిత్రే ఉంది. నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

మా చిన్నతనంలో పొద్దు వాలితే వీధిలో "మాదాకవళం తల్లీ" అని కేక వినిపించేది. ఉంటే ముద్ద పెట్టేవారు, లేకపోతే "చెయ్యి ఖాళీ లేదు, వెళ్ళిరా" అనేవారు. ముష్టి అంటే పిడికిలి, అంటే పిడికెడు గింజలు. సంక్రాంతికి హరిదాసు, గంగిరెద్దులవాడు, బుడబుక్కలవాడు వస్తే అవి వారికి రావలసినవే అనుకునేవారు. బీద విద్యార్థులు వారాలు చేసుకుని, మధూకరం ఎత్తుకుని చదువుకున్నారు. దానిని ఎవరూ అడుక్కోవడం అనలేదు. చేయి చాపకుండా బతికినవారూ ఉన్నారు. భర్త పోయాక టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచారు.

అయితే ఊరు ఊరంతా చేయి చాపవలసి వచ్చిన రోజులు కూడా మన నేల చూసింది. 1832-33 నందన నామ సంవత్సరపు కరువును మన పెద్దలు డొక్కల కరువు అన్నారు. అప్పటి గుంటూరు జిల్లా జనాభా సుమారు 5 లక్షలు. అందులో లక్షన్నర నుంచి 2 లక్షల మంది పోయారని అంచనా. కదలగలిగినవారు చెన్నపట్నం దారి పట్టారు. దారిలోనే రాలిపోయినవారు ఎందరో. పట్నం చేరినవారికి అన్నం పెట్టించిన వారిలో 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఒకరు. ఆయన అక్కడి సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. అంటే మనలాగే జీతం మీద బతికిన ఉద్యోగి.

ఆ కరువులో పోయినవారు సోమరులు కారు. వాన లేదు, కాలువ లేదు. కృష్ణ ఆనకట్ట 1855 నాటికి గాని పూర్తి కాలేదు. సాగర్ కుడి కాలువ నీటి కోసం పల్నాడు, ఒంగోలు మెట్టలు 1967 వరకు ఆగవలసి వచ్చింది. ఈ మెట్టల్లో బిచ్చం తగ్గించిన దాతలలో మొదటి పేరు నీటిదే అని నా నమ్మకం.

"ఊరికే పెడితే సోమరులవుతారు" అనే మాట కూడా పాతదే. 1876-78 ధాత కరువులో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బు చాలునని తగ్గించాడు. ఆ తిండితో మనిషి పని చేయలేడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఎదిరించాడు. తర్వాత కూలి పెంచారు. 1880 కరువు కమిషన్ నివేదిక, ఆ వెనుక వచ్చిన కరువు నిబంధనావళి ఒక గీత గీశాయి. పని చేయగలవానికి పని, చేయలేనివానికి ఉచిత సహాయం. ఒంట్లో శక్తి ఉన్నవాడికి పని చెప్పకుండా తిండి పెట్టరాదని గాంధీగారు కూడా 1925లో రాశారు.

తర్వాత చట్టాలు వచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో 1945లో, ఆంధ్రప్రదేశ్‌లో 1977లో భిక్షాటనను నిరోధించే చట్టాలు చేశారు. ఆ 1977 నవంబరు 19నే ఉప్పెన దివిసీమను, మన రేపల్లె తీరాన్ని ముంచెత్తింది. అంతకుముందు రోజు ఇంటి యజమాని అయినవాడు మర్నాడు పులిహోర పొట్లం కోసం వరుసలో నిలబడ్డాడు. ఎవరు బిచ్చగాడో చెప్పడానికి ఒక్క రాత్రి చాలదా?

ఇక మన సంగతి. డిసెంబరు 17న మనం పింఛనుదారుల దినం జరుపుకుంటాము. 1982లో అదే తేదీన నకారా కేసులో, పింఛను యజమాని దయ తలచి ఇచ్చే బహుమానం కాదు, హక్కు అని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ధర్మాసనానికి అధ్యక్షుడు వై.వి.చంద్రచూడ్. సభ్యులలో మన తెలుగువారైన ఓ.చిన్నప్పరెడ్డిగారు ఉన్నారు. 2021 జూలైలో, కరోనా కాలంలో వీధుల్లో అడుక్కోవడాన్ని నిషేధించాలని ఒకరు అదే కోర్టుకు వెళితే, వారు పేదరికం వల్ల రోడ్డెక్కారు, కలవారి దృష్టితో చూడలేమని నిరాకరించిన న్యాయమూర్తులలో ఆయన కుమారుడు డి.వై.చంద్రచూడ్ ఉన్నారు. అంతకుముందు 2018లో ఢిల్లీ హైకోర్టు భిక్షాటనను నేరం చేసిన సెక్షన్లను కొట్టివేసింది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1995 ఆగస్టు 15న కేంద్రం నెలకు 75 రూపాయల వృద్ధాప్య పింఛను పథకం పెట్టింది. ఆ రోజుల్లో ఒక ముసలమ్మ వేలిముద్ర వేసిన దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చింది. వయసు రుజువు లేదని రాసి వాపసు చేశాను. వైద్యాధికారి చేత వయసు నిర్ధారణ చేయించమని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. కొన్ని నెలలకు గుంటూరు బస్టాండు బయట ఆమె చేయి చాపి కూర్చుని ఉంది. నేను గుర్తుపట్టాను, ఆమె పట్టలేదు. పది రూపాయలు వేశాను. "పిల్లాపాపలతో చల్లగా ఉండు నాయనా" అంది. ఆమె పేరు, ఊరు ఫైలులో ఉన్నాయి. ఫైలు మళ్ళీ తీయవచ్చు. తీయలేదు. ఆ పది రూపాయలను దానమని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఇంకొకసారి, మిరప కోతల కాలంలో గుంటూరు స్టేషను దగ్గర మూటల పక్కన పడుకున్న ఒక ఆడమనిషికి నాణెం ఇవ్వబోతే, "మేం అడుక్కునేటోళ్ళం గాదు సామీ, కోతకొచ్చినాం" అంది. వాళ్ళది కర్నూలు జిల్లా కోసిగి వైపు. సిగ్గుపడి క్షమించమన్నాను. మన యార్డుకు పేరు తెచ్చే మిరపను కోసే చేతులవి.

పాత్రమెరిగి దానం చేయాలంటారు. పాత్రతను క్షణంలో తేల్చే తెలివి నాకు లేదని ఈ రెండు సంఘటనలు నేర్పాయి. అందువల్ల ఇప్పుడు నా పద్ధతి ఇది. ముసలివారికి, అవయవలోపం ఉన్నవారికి ప్రశ్న వేయకుండా ఇస్తాను. పిల్లలకు డబ్బు ఇవ్వను, తినడానికి కొనిపెడతాను. పిల్లలచేత అడిగించేవారికి 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం 5 ఏళ్ళ దాకా శిక్ష ఉంది. 1098కు ఫోను చేస్తే చాలు. గట్టిగా ఉన్న మనిషి అడిగితే, ఇవ్వలేకపోయినా కసురుకోను. ఒక మాట మాట్లాడి పంపుతాను.

ఇవ్వడంతోపాటు ఒకటి అడుగుతాను: "అమ్మా, నీకు పింఛను వస్తోందా?" 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో అది నెలకు 4,000 రూపాయలు. రాకపోతే ఎక్కడ ఆగిందో కనుక్కుని దరఖాస్తు రాసిపెడతాను. మన సభ్యులలో జీవితమంతా దరఖాస్తులతో గడిపినవారే ఎక్కువ. సంఘం గదిలో వారానికి ఒక పూట ఈ పనికి బల్ల వేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. మొదటి రోజు ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటాను.