సూరత్‌లో నాలుగు బంతులు

సెప్టెంబరు 24 దగ్గర పడుతోంది. సూరత్ మీద ఏదైనా రాసివ్వమన్నారు, అదీ గురువారంలోగా. సూరత్ అనగానే మన ఇళ్లలో చీరలు గుర్తొస్తాయి. ఆ చీరల వెనక తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీల చెమట గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒక సున్నా గుర్తొస్తుంది.

ఆ సున్నా దాకా వెళ్లాలంటే నాలుగు శతాబ్దాలు దాటాలి. గబగబా దాటేద్దాం. 1608లో విలియం హాకిన్స్ ఓడ ఈ తీరానికి చేరింది. మొగలుల కాలంలో హజ్ యాత్రికులు ఓడ ఎక్కింది ఇక్కడే. 1664లో శివాజీ ఊరిని కొల్లగొట్టాడు, 1670లో మళ్లీ వచ్చాడు. తాపీ నది మేట వేసింది, వర్తకం బొంబాయికి జారుకుంది. ముందే వెలిగి ముందే మసకబారడం ఈ ఊరికి కొత్త కాదన్నమాట. ఇక ఆట సంగతి. 1721లో గుజరాత్ తీరంలోనే, ఖంభాత్ దగ్గర, ఇంగ్లీషు నావికులు క్రికెట్ ఆడారని క్లెమెంట్ డౌనింగ్ రాసిపెట్టాడు. మన దేశంలో ఈ ఆటకు దొరికే తొలి ఆనవాలు అదే. 1936లో సూరత్‌లో పుట్టిన రూసీ సుర్తీ ఇండియాకు 26 టెస్టులు ఆడాడు. మధ్యలోని రెండు వందల ఏళ్లను పాఠకులు పెద్ద మనసుతో క్షమించాలి.

2019 సెప్టెంబరు 24. లాల్‌భాయ్ కాంట్రాక్టర్ స్టేడియం. దక్షిణాఫ్రికాతో మహిళల టీ20. మూడు వారాల కిందటే మన మిథాలీ రాజ్ టీ20లకు సెలవు చెప్పింది. ఆమె ఖాళీ చేసిన ఓపెనర్ స్థానంలోకి రోహ్‌తక్ అమ్మాయి షెఫాలీ వర్మ వచ్చింది. వయసు 15 ఏళ్ల 239 రోజులు. అంతకన్నా చిన్న వయసులో ఇండియాకు టీ20 ఆడిన అమ్మాయి అప్పటికి లేదు. ఊళ్లో అకాడమీలు ఆడపిల్లను చేర్చుకోబోమంటే జుట్టు కత్తిరించుకుని మగపిల్లల్లో కలిసి ఆడింది. అన్నకు ఒంట్లో బాగోలేకపోతే అతని పేరుతో టోర్నీలో దిగిందట. తండ్రిది నగల దుకాణం. వజ్రాలు సానబట్టే ఊళ్లో నగల వ్యాపారి కూతురు తొలి మ్యాచ్ ఆడుతోందంటే నాలాంటివాడికి అంతకన్నా ఏం కావాలి?

నాలుగు బంతులు. సున్నా. అంతే.

మ్యాచ్ మనమే గెలిచాం, 11 పరుగుల తేడాతో. దీప్తి శర్మ నాలుగు ఓవర్లలో మూడు మెయిడెన్లు వేసి, 8 పరుగులకు 3 వికెట్లు తీసింది. మర్నాడు అందరూ దీప్తి గురించే మాట్లాడుకున్నారు. తర్వాతి మ్యాచ్‌లను వాన మింగింది. అక్టోబరు 1న అదే మైదానంలో, వాన వల్ల 17 ఓవర్లకు కుదించిన ఆటలో షెఫాలీ 33 బంతుల్లో 46 కొట్టింది. సూరత్‌లో లోచో అని ఒక ఫలహారం ఉంది. ఖమణ్ పిండి కుదరక పాడైతే పుట్టిందని చెబుతారు. గుజరాతీలో లోచో అంటే గడబిడ. ఆ వారం షెఫాలీ ఆట తలుచుకుంటే నా మనసులో లోచోనే మెదులుతుంది.

ఆ తర్వాత ఆమె ఎదుగుదల చూసి భయమేసింది. నవంబరులో వెస్టిండీస్ మీద 73 కొట్టి, అతి చిన్న వయసులో అంతర్జాతీయ అర్ధసెంచరీ చేసిన భారతీయుల జాబితాలో సచిన్‌ను దాటింది. 2020 మార్చి వచ్చేసరికి టీ20ల్లో ప్రపంచ నంబర్ వన్ బ్యాటర్. అదే నెల 8న మెల్‌బోర్న్‌లో ప్రపంచకప్ ఫైనల్. 86,174 మంది జనం. తొలి ఓవర్లోనే అలీసా హీలీ ఇచ్చిన క్యాచ్‌ను షెఫాలీ వదిలేసింది. హీలీ 75 కొట్టింది. షెఫాలీ 2.

మెరుపు తర్వాత తడబాటు ఒక్క క్రికెట్‌లోనే కాదు. అమెరికా ఫుట్‌బాల్‌లో జట్టును నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. తొలి ఏడు మెరిసిన కుర్రాడు రెండో ఏడు తడబడతాడా అని అక్కడ ఏటా పంచాయితీ. సి.జె. స్ట్రౌడ్ 2023లో 5 బంతులే ప్రత్యర్థి చేతికిచ్చాడు, మరుసటి ఏడు 12 ఇచ్చాడు. డాన్ మరీనో మాత్రం 1984లో, తన రెండో ఏడాదే, 48 టచ్‌డౌన్ పాసులు వేసి రికార్డు రాశాడు. ఎవరి వాదనకు కావలసిన పేరు వాళ్లకు దొరుకుతుంది. ఈ పంచాయితీకి జవాబు ఒక పాత లెక్కలో ఉంది. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషాయన తల్లిదండ్రుల ఎత్తులూ పిల్లల ఎత్తులూ కొలిచి చూశాడు. మరీ పొడవాటి వాళ్ల పిల్లలు పొడవే గానీ అంత పొడవు కాదు, సగటు వైపు జరుగుతారు. ఆటలోనూ అంతే. మరీ మెరిసిన ఏడాదిలో ప్రతిభతోపాటు కాస్త అదృష్టమూ ఉంటుంది. మరుసటి ఏడు అదృష్టం తన దారిన తాను పోతుంది. ప్రతిభ పోయిందని మనం గుండెలు బాదుకుంటాం.

దానికి తోడు ఎదుటివాళ్లూ చదువుకుంటారు. షెఫాలీకి షార్ట్ పిచ్ బంతులు వేయాలని బౌలర్లు పసిగట్టారు. ఇక్కడినుంచి కథ వరసగా నడవదు. 2021లో బ్రిస్టల్‌లో తొలి టెస్టులోనే 96, 63. వన్డేల్లో తడబాటు. 2023లో ఆమె సారథ్యంలోనే అండర్-19 ప్రపంచకప్. ఆ ఫైనల్లో మన భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 24. 2024లో చెన్నైలో టెస్టు డబుల్ సెంచరీ, మళ్లీ దక్షిణాఫ్రికా మీదే. ఆ ఏడాదే వన్డే జట్టునుంచి ఉద్వాసన. దీన్ని ఎదుగుదల అనాలా, పతనం అనాలా? మిథాలీ కూడా 1999లో 16 ఏళ్లకే తొలి వన్డేలో 114 నాటౌట్ కొట్టి, 2002లో తొలి టెస్టులో సున్నా చేసి, అదే ఏడు 214 బాదింది.

2025 అక్టోబరులో వన్డే ప్రపంచకప్ జట్టులో షెఫాలీ పేరు లేదు. ప్రతీకా రావల్ గాయపడటంతో కబురు వచ్చింది. ఆ కబురు అందేసరికి ఆమె దేశవాళీ టీ20ల కోసం ఉన్నది సూరత్‌లోనే. నవంబరు 2న నవీ ముంబయిలో ఫైనల్, ఎదుట దక్షిణాఫ్రికా. 78 బంతుల్లో 87. తర్వాత బంతి అందుకుని రెండు వికెట్లు, అందులో సునే లూస్‌ది తన బౌలింగ్‌లో తానే పట్టిన క్యాచ్. సూరత్‌లో ఆ సున్నా నాడు దక్షిణాఫ్రికా కెప్టెన్ ఆ లూసే.

అదే కప్పులో మన కడప అమ్మాయి శ్రీచరణి 14 వికెట్లు తీసింది. ఆమె వన్డేల్లోకి వచ్చింది ఆ ఏడాదే. ఇప్పుడు ఆమె బంతుల వీడియోలు ప్రతి జట్టు దగ్గరా ఉన్నాయి.